రెండో భాషను వినేటప్పుడు వర్కింగ్ మెమరీ మీద భారం తగ్గించుకోవడం ఎలా

రెండో భాష నేర్చుకుంటున్నవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. విడివిడిగా అడిగితే ప్రతి పదానికీ అర్థం చెప్పగలరు, అదే వాక్యాన్ని కాగితం మీద చూపిస్తే తడుముకోకుండా చదవగలరు, కానీ ఎదుటివారు మామూలు వేగంతో మాట్లాడుతుంటే మాత్రం వాక్యం చివరికి వచ్చేసరికి మొదట విన్నది మనసులో ఉండదు. దీన్ని చాలామంది జ్ఞాపకశక్తి లోపంగా భావించి, దాన్ని పెంచే వ్యాయామాల కోసం వెతుకుతారు. చాలా సందర్భాల్లో వారి జ్ఞాపకశక్తికి వచ్చిన లోటేమీ లేదు. దాని మీద మోయలేనంత పని పడుతున్నది, అంతే. మాతృభాషలో మనకు తెలియకుండానే జరిగిపోయే పనులు రెండో భాషలో ఒక్కొక్కటీ శ్రద్ధను కోరతాయి. ఆ శ్రద్ధంతా ధ్వనులను విడదీసుకోవడానికే ఖర్చయిపోతే, విన్నదాన్ని నిలుపుకోవడానికి ఏమీ మిగలదు. అందువల్ల సాధన కూడా ఆ పనిని తగ్గించే దిశగా సాగాలి.

ఆ కొద్ది క్షణాల్లో జరిగేది

సమాచారాన్ని కొద్ది క్షణాలపాటు మనసులో నిలిపి ఉంచుతూనే దాని మీద పని కూడా చేయగలిగే సామర్థ్యాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు అలాన్ బ్యాడ్లీ, గ్రాహమ్ హిచ్ 1974లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం దీనికి ఒక నియంత్రణ కేంద్రం, దాని కింద మాటల ధ్వనిని నిలిపే భాగం ఒకటి, చూసినవాటిని, ఊహించుకున్న దృశ్యాలను నిలిపే భాగం ఒకటి ఉంటాయి. వీటిని దీర్ఘకాలిక జ్ఞాపకంతో ముడిపెట్టే నాలుగో భాగాన్ని బ్యాడ్లీ 2000లో చేర్చాడు. వినేవారికి అన్నిటికంటే ముందు అక్కరకు వచ్చేది ధ్వనిని నిలిపే భాగం. లోలోపల మళ్లీ పలుకుకుంటే తప్ప, అందులోని ధ్వని సుమారు 2 సెకన్లలో చెరిగిపోతుంది. ఇంగ్లీషు సంభాషణ నిమిషానికి దాదాపు 150 పదాల వేగంతో సాగుతున్నదనుకుంటే, 2 సెకన్లంటే ఐదు పదాలు. ఆ ఐదు పదాలూ చెరిగిపోయేలోపు వాటిని అర్థంగా మార్చుకోవాలి. ఈలోగా తరువాతి ఐదు పదాలు చెవిన పడుతూనే ఉంటాయి.

ఒకేసారి ఎన్ని అంశాలను పట్టి ఉంచగలం అన్న ప్రశ్నకు జార్జ్ మిల్లర్ 1956లో ఏడు, అటూ ఇటూగా రెండు అని జవాబిచ్చాడు. నెల్సన్ కోవన్ 2001లో అప్పటివరకు జరిగిన ప్రయోగాలను సమీక్షించి, లోలోపల వల్లె వేసుకునే అవకాశం లేనప్పుడు ఆ సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని వాదించాడు. అయితే ఇక్కడ అంశం అంటే ఒక పదమే కానక్కర లేదు. భాష బాగా వచ్చినవారి చెవికి 'యాజ్ ఫార్ యాజ్ ఐ నో' అన్నది ఒకే అంశం. కొత్తగా నేర్చుకుంటున్నవారికి అవి ఐదు వేర్వేరు పదాలు, అంటే వారి చోటు అక్కడికే నిండిపోయిందన్నమాట. ఇద్దరి సామర్థ్యమూ ఒకటే అయినా, ఒక్కో అంశంలో ఎంత ఇమిడిందన్న దగ్గర తేడా వస్తున్నది.

మాతృభాషలో కూడా విన్న మాటలను యథాతథంగా ఎవరూ మోసుకుపోరని గమనించడం అవసరం. జాక్వెలిన్ సాక్స్ 1967లో చేసిన ప్రయోగంలో, విన్న వాక్యం తరువాత 80 అక్షరాలంత మాట సాగేసరికే దాని పదాల అమరికలో మార్పులను శ్రోతలు పసిగట్టలేకపోయారు, కానీ అర్థం మారితే మాత్రం పట్టుకోగలిగారు. కాబట్టి మాటలు మరచిపోవడం చింతించవలసిన విషయమే కాదు. అవి భావంగా మారకముందే జారిపోతున్నాయా అన్నదే చూసుకోవాలి.

భారం ఎక్కడ పడుతున్నదో ముందు తేల్చుకోండి

ముగ్గురు ఒకే ఫిర్యాదు చెప్పినా, ముగ్గురి కారణాలూ వేరు కావచ్చు. అందుకని సాధనకు ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవడం మేలు. ట్రాన్‌స్క్రిప్ట్ (అందులోని మాటల రాతరూపం) దొరికే ఆడియోను, రెండు నిమిషాలకు మించనిదాన్ని ఎంచుకోండి. ఆపకుండా ఒకసారి విని, అర్థమైనదాన్ని మాతృభాషలో నాలుగైదు వాక్యాల్లో రాయండి. రెండో భాషలో రాస్తే, రాయలేకపోవడం కూడా వినలేకపోవడం లాగా కనిపించి ఫలితాన్ని చెడగొడుతుంది. ఆ తరువాత ట్రాన్‌స్క్రిప్ట్‌ను ఒక్కసారే, వెనక్కి వెళ్లకుండా చదవండి.

చదివినప్పుడు తేలికగా అర్థమై, విన్నప్పుడు అర్థం కాకపోతే చిక్కు ధ్వనుల దగ్గర ఉన్నట్టు. చదివినప్పుడు కూడా వెనక్కి వెళ్లవలసి వస్తే పదజాలంలోనో వాక్యనిర్మాణంలోనో లోటు ఉన్నట్టు. అలాంటివారు అదే ఆడియోను ఎన్నిసార్లు విన్నా ప్రయోజనం తక్కువ, ఇంకా తేలికైనదాన్ని ఎంచుకోవాలి. వింటున్న కథనంలోని పదాల్లో సుమారు 95 శాతం తెలిసి ఉంటే దాన్ని తగినంతగా అర్థం చేసుకోవచ్చన్నది 2013లో వెలువడిన ఒక పరిశోధన సూచించిన ప్రమాణం. దీని ప్రకారం వంద పదాల్లో తెలియనివి ఐదు దాటితే ఆ ఆడియోను పక్కన పెట్టవచ్చు. ఇక ఒక్కో వాక్యం తరువాత ఆపుతూ వింటే ప్రతిదీ అర్థమవుతూ, మొత్తం విన్న తరువాత మాత్రం ఏం చెప్పారో కూడదీసుకోలేకపోతుంటే, వాక్యాలను ఒకదానికొకటి కలుపుకునే పని దగ్గర భారం పడుతున్నట్టు.

క్రిస్టీన్ గో 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు నేర్చుకుంటున్న 40 మంది చైనా విద్యార్థులు తమ ఇబ్బందులను తామే చెప్పుకున్నారు. విన్నది వెంటనే మరచిపోవడం, చూస్తే తెలిసే పదాన్ని చెవితో గుర్తుపట్టలేకపోవడం, ఒక మాట గురించి ఆలోచిస్తూ తరువాతి భాగాన్ని వదిలేయడం వాటిలో ముఖ్యమైనవి. పైకి ఇవి మూడు సమస్యల్లాగా కనిపించినా, రెండోది మొదలైతే మిగిలిన రెండూ దాని వెంటే వస్తాయని నా అభిప్రాయం. అందుకే ఎక్కువమంది ధ్వనుల దగ్గరే మొదలుపెట్టడం మంచిది.

చెవికి పని అలవాటు చేయడం

మాట్లాడేటప్పుడు పదాలు నిఘంటువులో ఉన్న రూపంతో రావు. 'వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ' అన్న వాక్యం మామూలు సంభాషణలో ఇంచుమించు 'వాటయగనడూ' అన్నట్టు వినిపిస్తుంది. 'షుడ్ హావ్ బీన్' అన్నది 'షుడబిన్' అవుతుంది. పుస్తకం ద్వారా నేర్చుకున్న శ్రోత ఆ ధ్వనిని పట్టుకుని, ఇది ఏయే పదాలు కావచ్చునని లోపల వెతుకుతుండగానే రెండు సెకన్లు గడిచిపోతాయి. అలా కాక, ఆ ధ్వని వినబడగానే వెతుకులాట లేకుండా అర్థం తట్టే స్థితికి చేరాలి.

ఇందుకు పాతకాలపు డిక్టేషన్ కంటే మెరుగైన సాధన నాకు కనిపించలేదు, కాకపోతే దాన్ని చేసే తీరు మారాలి. ఐదు నుంచి ఎనిమిది సెకన్ల ముక్కను తీసుకోండి. ఒకసారి పూర్తిగా విని, ఆపిన తరువాతే రాయండి. వింటూ రాస్తే అది చేతివేగానికి పరీక్ష అవుతుంది. మూడుసార్లు విన్నాక కూడా అందని చోట ఖాళీ వదలండి. ఆ తరువాత ట్రాన్‌స్క్రిప్ట్‌తో పోల్చి చూడండి. స్పెల్లింగు తప్పులను పట్టించుకోకండి. రెండు పదాలను ఒకటిగా ఎక్కడ విన్నారో, ఒకే పదాన్ని రెండుగా ఎక్కడ విరిచారో, ఏ చిన్న పదం అసలు వినిపించనే లేదో గుర్తించి, ఆ చోట్ల గీత గీయండి. చివరగా ఆ ముక్కను ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తూ ఒకసారి, చూడకుండా రెండుసార్లు వినండి. చూడకుండా విన్నప్పుడు ఆ గీత గీసిన చోటు స్పష్టంగా వినిపించిన క్షణమే ఈ సాధనలోని అసలు లాభం, కాబట్టి దాన్ని విసుగు కొద్దీ దాటవేయకూడదు. రోజుకు పది నిమిషాలు చాలు. ఇంతకంటే ఎక్కువసేపు చేస్తే శ్రద్ధ సడలి, చేయి మాత్రమే కదులుతుంటుంది.

ఇంగ్లీషు వినేవారికి ఒక ఆధారం ఉపయోగపడుతుంది. ఆన్ కట్లర్, డేవిడ్ కార్టర్ 1987లో లెక్కగట్టిన ప్రకారం, ఇంగ్లీషు సంభాషణలో అర్థాన్ని మోసే పదాల్లో దాదాపు 90 శాతం ఊనిక గల అక్షరంతోనే మొదలవుతాయి. కాబట్టి గట్టిగా పలికిన అక్షరం వినబడిన చోట కొత్త పదం మొదలైందని ఊహించడం చాలాసార్లు సరిపోతుంది. అన్ని భాషలకూ ఈ సూత్రం పనికిరాదు; ఫ్రెంచిలో ఊనిక సాధారణంగా పదసముదాయం చివర పడుతుంది. నేర్చుకుంటున్న భాషలో పదాల హద్దులను ఏది సూచిస్తుందో మొదటి వారాల్లోనే తెలుసుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది.

వింటున్నదాన్ని ఒకటి రెండు పదాల వెనకగా పైకి పలుకుతూ పోయే షాడోయింగ్ పద్ధతి కూడా చెవిని చురుగ్గా చేస్తుంది. జపాన్‌లో ఇంగ్లీషు బోధనలో దీన్ని విరివిగా వాడతారు. అయితే ఒక హెచ్చరిక అవసరం. నోరు పలుకుతున్నంతసేపూ ధ్వనిని నిలిపే భాగం ఆ పలకడంలోనే మునిగి ఉంటుంది, కాబట్టి అర్థం మీద దృష్టి నిలవదు. కొత్త ఆడియోను షాడోయింగ్‌తో మొదలుపెట్టినవారు చివరికి ఏం విన్నారో చెప్పలేకపోవడంలో వింత లేదు. అర్థం పూర్తిగా తెలిసిన తరువాతే ఈ సాధన చేయాలి.

లోపల జరిగే అనువాదాన్ని ఆపడం

ధ్వనుల తరువాత అతి పెద్ద భారం ఇదే, పైగా చేసేవారికి తాము చేస్తున్నట్టు కూడా తెలియదు. స్టేషన్లో వినబడే ఇలాంటి ప్రకటనను తీసుకోండి: 'ద ట్రైన్ దట్ వజ్ డ్యూ టు లీవ్ ఫ్రమ్ ప్లాట్‌ఫామ్ ఫోర్ ఎట్ టెన్ ఫిఫ్టీన్ విల్ నౌ లీవ్ ఫ్రమ్ ప్లాట్‌ఫామ్ సెవెన్.' దీన్ని తెలుగులో చెప్పాలంటే 'పదీ పదిహేనుకు నాలుగో ప్లాట్‌ఫామ్ నుంచి బయలుదేరవలసిన రైలు' అని మొదలుపెట్టాలి. అంటే ఇంగ్లీషులో అన్నిటికంటే ముందు వచ్చిన రైలు తెలుగులో విశేషణాలన్నీ పూర్తయ్యాక గానీ రాదు, క్రియ అయితే వాక్యం చివరిదాకా రాదు. లోపల తెలుగు వాక్యం కట్టుకునే శ్రోత రైలునూ ప్లాట్‌ఫామ్ సంఖ్యనూ వేళనూ విడివిడిగా చేతపట్టుకుని, వాటిని తిరగేసి అమర్చే అవకాశం కోసం కాచుకోవాలి. అలా అమర్చుకుంటున్న సమయంలోనే 'ప్లాట్‌ఫామ్ సెవెన్' అన్నది వచ్చి వెళ్లిపోతుంది. ప్రకటన మొత్తంలో అతనికి కావలసిన మాట అదొక్కటే.

అదే ప్రకటనను విన్న క్రమంలోనే దృశ్యంగా మార్చుకునేవారికి ఇంత తంటా ఉండదు. 'ట్రైన్' అనగానే ఒక రైలు, 'ఫోర్' అనగానే నాలుగు అంకె ఉన్న ప్లాట్‌ఫామ్ మీద అది నిలిచి ఉండటం, 'నౌ' అనగానే అది అక్కడి నుంచి కదలబోవడం, 'సెవెన్' అనగానే ఏడు దగ్గరకు చేరడం. ఇందులో ధ్వనిని నిలిపే భాగానికి పని దాదాపు లేదు. బరువంతా దృశ్యాలను నిలిపే భాగానికి మారింది, అది అప్పటివరకు ఖాళీగానే ఉంది.

దీన్ని అలవాటు చేసుకోవడానికి తెలిసిన విషయం మీదున్న ఆడియోను తీసుకుని, ప్రతి ఉపవాక్యం చివర పాజ్ నొక్కండి. రెండు సెకన్ల విరామంలో విన్నదాన్ని దృశ్యంగానో, స్థలంగానో, ఎవరు ఎవరికి ఏం చేశారన్న సంబంధంగానో చూడండి. తెలుగు మాట పెదవుల మీదికి వస్తుంటే వెంటనే తరువాతి ముక్కకు వెళ్లిపోండి. మొదట్లో అసంతృప్తిగా ఉంటుంది, ఎందుకంటే తెలుగులో చెప్పుకోనిదే అర్థమైనట్టు అనిపించదు. క్రమంగా పాజ్ వ్యవధిని ఒక సెకనుకు, ఆ తరువాత పూర్తిగా తగ్గించవచ్చు. దృశ్యానికి లొంగని విషయాలు, అంటే వాదనలు, అభిప్రాయాలు విన్నప్పుడు, మాట్లాడేవారు ఒప్పుకుంటున్నారా, కాదంటున్నారా, కారణం చెబుతున్నారా అన్నది గుర్తిస్తూ పోతే సరిపోతుంది. 'ఆన్ ద అదర్ హ్యాండ్', 'దట్ సెడ్' లాంటి పదబంధాలను ఒకే అంశంగా వినడం అలవాటైతే, తరువాత రాబోయేది అనుకూలమో ప్రతికూలమో ముందే తెలిసిపోతుంది. ఇటువంటి పదబంధాలను విడి పదాల జాబితాలో కాకుండా, ఆడియోలో వినబడిన వాక్యంతో సహా రాసిపెట్టుకుని మళ్లీ మళ్లీ వినాలి.

వినడానికి ముందు, వినేటప్పుడు

విషయం ముందే తెలిసి ఉంటే, విన్న ప్రతి మాటకూ దీర్ఘకాలిక జ్ఞాపకంలో ఆనుకునే చోటు దొరుకుతుంది. కాబట్టి ఉపన్యాసానికో సమావేశానికో వెళ్లే ముందు ఒక్క నిమిషం కేటాయించి, అక్కడ రాగల ఐదారు పదాలను, వినబోయే రెండు మూడు ప్రశ్నలను ఊహించుకోండి. ఊహ తప్పినా నష్టం లేదు, తప్పిందని గుర్తించడం కూడా వినడమే. ఇదే కారణం వల్ల ఒకే విషయం మీద, ఒకే వక్త మాట్లాడిన ఆడియోలను వరుసగా వినడం ఎంతో తేలిక. గొంతు, యాస, పదజాలం ముందే పరిచయమై ఉంటాయి; అందరూ మెచ్చుకునే వైవిధ్యం ఈ దశలో అడ్డంకి.

ఒక మాట అందకపోతే దాన్ని వదిలేయడం నేర్చుకోవాలి. చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. తప్పిపోయిన పదం కోసం వెనక్కి తిరిగితే, ఆ పదమూ దొరకదు, తరువాతి రెండు వాక్యాలూ పోతాయి. ఎదుట కాగితం ఉంటే ఆ చోట ఒక అడ్డగీత గీసి ముందుకు సాగండి. గీత గీయడంతో ఆ సంగతి కాగితానికి అప్పగించినట్టవుతుంది. కంగారు కూడా ఇదే విధంగా చోటును ఆక్రమిస్తుంది. నాకు అర్థం కావడం లేదన్న ఆలోచన కూడా మాటల రూపంలోనే లోపల నడుస్తుంది కాబట్టి, అది విన్న మాటలతో నేరుగా పోటీ పడుతుంది.

నోట్సు రాసుకునేవారు పూర్తి వాక్యాలు రాయకూడదు. అంకెలు, పేర్లు, తేదీలు మాత్రం వినబడిన వెంటనే రాయాలి, ఎందుకంటే సందర్భాన్ని బట్టి ఊహించి తిరిగి తెచ్చుకోగలిగినవి కావవి. వాటిని మోస్తూ వినడం వృత్తి అనువాదకులకే కష్టం. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' లాంటి జంటలను విడిగా సాధన చేయడం మంచిది. మిగిలిన భావాలకు బాణాలు, ప్లస్ మైనస్ గుర్తులు సరిపోతాయి.

ఆడియో వేగాన్ని తగ్గించి వినడం గురించి నాకు కొంత సంశయం ఉంది. వేగాన్ని ముప్పావు వంతుకు తగ్గిస్తే ధ్వని సాగుతుంది గానీ, కలిసిపోయిన పదాలు విడిపోవు. పైగా వాక్యం పొడవు పెరిగి, మొదటి భాగాన్ని ఇంకా ఎక్కువసేపు పట్టి ఉంచవలసి వస్తుంది. ఉపవాక్యాల దగ్గర ఆపుతూ అసలు వేగంతో వినడమే మేలు. సబ్‌టైటిల్స్ విషయానికి వస్తే, నేర్చుకుంటున్న భాషలోని సబ్‌టైటిల్స్ రెండోసారి విన్నప్పుడు పదాల హద్దులు తెలుసుకోవడానికి పనికొస్తాయి. మాతృభాష సబ్‌టైటిల్స్ ఉంటే కళ్లు చదువుతాయి, చెవి విశ్రాంతి తీసుకుంటుంది. కాలక్షేపానికి అభ్యంతరం లేదు, సాధన అనుకోకూడదు.

జ్ఞాపకశక్తి ఆటలు, ప్రగతి కొలత

వర్కింగ్ మెమరీ పెద్దదిగా ఉన్నవారికి రెండో భాష కొంత తేలికగా వస్తుందన్నది నిజమే. 2014లో 79 నమూనాలను కలిపి చేసిన విశ్లేషణలో ఈ రెండింటి సంబంధం సుమారు 0.25గా తేలింది (ఈ కొలతలో 0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు). అంటే సంబంధం ఉంది, కానీ ఒక మనిషి ఎంతవరకు నేర్చుకోగలడో తేల్చి చెప్పేంత బలమైనది కాదు. ఇక ఆ సామర్థ్యాన్ని ఆటలతో పెంచడం గురించి 2013లో వెలువడిన సమీక్షలో తేలిందేమిటంటే, సాధన చేసినవారు అలాంటి ఆటల్లోనే మెరుగుపడ్డారు, ఆ మెరుగుదల ఇతర పనులకు అంతగా పాకలేదు. ఆ సమయాన్ని డిక్టేషన్‌కు ఇవ్వడమే లాభం.

ప్రగతిని కొలవడానికి వారానికి ఒకసారి, ఒకే స్థాయి ఆడియోను ఆపకుండా వింటూ, ఎన్ని సెకన్ల ముక్కను విన్నాక దాని సారాన్ని తిరిగి చెప్పగలుగుతున్నారో రాసుకోండి. ఇరవై సెకన్లు సునాయాసంగా చెప్పగలిగితే ముప్పైకి వెళ్లండి. ఈ కొలత అలసిన సాయంత్రం ఒక రకంగా, ఉదయం ఒక రకంగా వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు, నిశ్శబ్దంగా ఉన్న చోట చేయాలి. వెనక గోల ఉంటే ధ్వనిని గుర్తించే పనే పెరిగి, మళ్లీ మొదటి సమస్యకు వస్తాం.

ఎదురుగా మనిషి ఉన్నప్పుడు మరో సౌకర్యం ఉంది, చాలామంది దాన్ని సరిగా వాడుకోరు. అర్థం కానప్పుడు 'పార్డన్' అంటే ఎదుటివారు మొత్తం వాక్యాన్ని అదే వేగంతో మళ్లీ చెబుతారు, భారం మళ్లీ మొదటికి వస్తుంది. అలా కాకుండా, అందిన భాగాన్ని మీరే చెప్పి అందని భాగాన్ని మాత్రమే అడగండి. 'మీటింగ్ మంగళవారానికి మారిందన్నారు, ఎన్ని గంటలకు?' అన్న తరహాలో అడిగితే, జవాబు ఒకటి రెండు పదాల్లోనే వస్తుంది. అడుగుతూ మీరు తిరిగి చెప్పిన భాగం మీ జ్ఞాపకంలో ఇంకా గట్టిపడుతుంది, అందులో పొరపాటు ఉంటే ఎదుటివారే అక్కడికక్కడ సరిదిద్దుతారు.